చప్పుడు చేయని వజ్రమ్మ

సూరత్ పక్కన జోల్వాలో దారం కండెలు చుట్టే వజ్రమ్మ రెండున్నర లక్షల అప్పును ఒక్క మాట కూడా మాట్లాడకుండా తీర్చింది. అంతే కాదు, అద్దాల గోడకు అవతల ఇద్దరు మగవాళ్లు గుసగుసలాడుకున్నదంతా ఇవతల కూర్చుని పొల్లు పోకుండా వింది. డుమస్ ఒడ్డున సముద్రం హోరుమంటుంటే ముప్పై అడుగుల దూరంలో ఉన్న మనిషి జేబులో ఏముందో కూడా చెప్పేసింది.

సిస్టరమ్మల బడిలో అక్షరాలు దిద్దిన నా వేళ్లకు ఇంత పెద్ద మాట రాయగానే స్కేలు దెబ్బ గుర్తొస్తుంది. కాబట్టి సగం వెనక్కి తీసుకోవాలి. వజ్రమ్మ వినలేదు. ఇరవై రెండేళ్లు సాంచెల పక్కన పనిచేసిన మనిషి. ఎడమ చెవి ఎప్పుడో మొద్దుబారింది, కుడి చెవి మొహమాటానికి పనిచేస్తుంది. ఆమె విన్నది కళ్లతోనే. మాట్లాడలేదన్నదీ పూర్తి నిజం కాదు. నోరు కదిపింది. గొంతు కలపలేదు, అంతే. మిగతా సగం మాత్రం వెనక్కి తీసుకునే పని లేదు.

సాంచె అంటే మరమగ్గం. అవి నడిచే షెడ్డును సూరత్ వైపు ఖాతా అంటారు. నలభై ఎనిమిది సాంచెలు ఒక్కసారిగా కొట్టుకుంటుంటే రేకుల మీద రాళ్లవాన పడుతున్నట్టు ఉంటుంది. కాకపోతే ఆ వాన పన్నెండు గంటలు తెరిపివ్వదు. అక్కడ అరిచి లాభం లేదు. పోగు తెగిందని చెప్పాలన్నా, చాయ్ వచ్చిందని చెప్పాలన్నా, సేఠ్ కొడుకు ఈ మధ్య మరీ లావెక్కాడని చెప్పాలన్నా పెదవులే దిక్కు. ప్రతి అక్షరానికీ నోరు పెద్దగా తిప్పుతారు, కనుబొమలు కలుపుతారు, లెక్కలకు వేళ్లు చూపుతారు. సిరిసిల్ల నుంచో జగిత్యాల నుంచో వచ్చిన కొత్తవాళ్లకు ఈ విద్య పట్టుబడటానికి ఆరు నెలలు పడుతుంది. పట్టుబడ్డాక వదిలించుకోవడం ఎవరివల్లా కాలేదు.

వజ్రమ్మ, ఆమె మొగుడు నరహరి ఇంట్లో కూడా అలాగే మాట్లాడుకునేవాళ్లు. కొడుకు దగ్గరికి ఊరి నుంచి కొత్తగా వచ్చిన పక్కగది కొమురవ్వ అది చూసి బెంగపడింది. మొగుడూ పెళ్లాలకు మాటల్లేవనుకుని ఒకనాడు రాజీ కుదర్చడానికి వచ్చింది.

"ఏందే బిడ్డా, ఎన్నొద్దులాయె మీకు పంచాయితి? నలుగురు పెద్దమనుషులను పిలువుమంటవా?"

నిజానికి ఆ పూట వాళ్లిద్దరూ పప్పులో ఉప్పెక్కువైన సంగతి చెప్పుకుని నవ్వుకుంటున్నారు. మరో రోజు ఘోరంగా పోట్లాడుకున్నారు. ఆ రోజు కొమురవ్వకు ఏమీ తెలియలేదు. "ఇయ్యాల మంచిగున్నరు" అనుకుని పడుకుంది.

పోట్లాట అప్పు గురించి. నరహరి ఇరవై అయిదేళ్లు పరాయి సాంచెలు నడిపి విసిగిపోయి, తానూ నలుగురిలో సేఠ్ అనిపించుకోవాలని నాలుగు పాత సాంచెలు కొన్నాడు. అందుకు లక్ష్మీరాజం దగ్గర రెండున్నర లక్షలు తెచ్చాడు. వడ్డీ నూటికి నెలకు మూడు రూపాయలు. ఎనిమిది నెలలు తిరక్కముందే దారం ధర పెరిగింది, గుడ్డ ధర పడింది, నాలుగు సాంచెలూ పాత ఇనుము కింద తూకానికి పోయాయి. అప్పు మాత్రం తూకానికి పోలేదు.

ఈ లక్ష్మీరాజం వాళ్ల జిల్లా మనిషే. ఒకప్పుడు పదిహేనేళ్లు సాంచెలు నడిపాడు. తర్వాత పనివాళ్లను కుదిర్చే ముకద్దం అయ్యాడు, తర్వాత చిట్టీలు వేశాడు, తర్వాత వడ్డీకి తిప్పాడు. ఖాతా మెట్లు దిగి పదేళ్లయింది. తెల్లచొక్కా నలగనివ్వడు. వజ్రమ్మను చెల్లె అంటాడు, నరహరిని బావా అంటాడు. ఏటా రాఖీ కట్టించుకుని నూటొక్క రూపాయలు పళ్లెంలో వేస్తాడు. ఆ నెల వడ్డీలోంచి మాత్రం ఆ నూటొక్కటి తగ్గించడు.

ఏడాదిన్నర కిందట వజ్రమ్మ వడ్డీ రెండు రూపాయలకు దించమని అడిగింది.

"నువ్వడిగితె కాదంటనా చెల్లె?" అన్నాడు లక్ష్మీరాజం. "దించిన. ఊకె ఒక్క కాయిదం రాసుకుందాం. తారీఖు లేకుంటె మనిషికి భయముండది."

కాగితం మీద ఉన్నది ఇదీ: మరుసటి ఏడాది ఆగస్టు పదో తారీఖు సాయంత్రం ఏడు గంటలలోగా బాకీ మొత్తం నగదుగా ముట్టాలి, ముట్టకపోతే జోల్వా సొసైటీలో నరహరి దంపతుల గది లక్ష్మీరాజానిది. ఇద్దరు సాక్షులు, నోటరీ ముద్ర.

గది అంటే పది అడుగులు పద్నాలుగు. పన్నెండేళ్ల జీతం, ఇక్కడి మాటలో పగారు, మిగిల్చి కొన్నది. వాన వస్తే కిటికీ కింద గోడ చెమ్మగిల్లుతుంది. కానీ సూరత్‌లో వాళ్లది అని చెప్పుకోగలిగింది అదొక్కటే. వజ్రమ్మ రెండో బతుకుతెరువు కూడా ఆ గదిలోనే మొదలైంది.

రింగురోడ్డు మార్కెట్టులో చెడిపోయిన చీరలు చవకగా దొరుకుతాయి. చాలావాటికి పెద్ద రోగమేమీ ఉండదు. నేతలో ఒక పోగు తప్పి, చీర పొడవునా సన్నని గీత పడి ఉంటుంది. కొనేవాళ్లకు అది చినుగు. వజ్రమ్మకు మాత్రం తప్పిపోయిన పోగు. చీర అంచులోంచి అదే రంగు దారం లాగి, సూదికెక్కించి, ఆ గీత వెంట ఒకటి పైన ఒకటి కింద దూర్చుకుంటూ పోతే మూరెడు దూరం నుంచి ఎవరూ కనిపెట్టలేరు. తర్వాత నీళ్లు చల్లి ఇస్త్రీ చేసి, ఫోన్లో చూపించి, సిరిసిల్ల, జగిత్యాల వైపు ఇళ్లల్లో చీరలమ్మే ఆడవాళ్లకు ట్రావెల్స్ బస్సులో పంపేది.

మొదటిసారి ఫోన్లో లైవు పెట్టిన రోజున ముప్పావు గంట సేపు చీర తర్వాత చీర చూపిస్తూ ధరలు చెప్పింది. కింద వరసగా ఒకటే రాత: సౌండు వస్తలేదక్కా. ఫోను బాగానే ఉంది. వజ్రమ్మే అలవాటు కొద్దీ గొంతు కలపలేదు. అయినా ఆ రోజు పదకొండు చీరలు పోయాయి.

అలా సూది మొనతో, నెలనెలా వడ్డీ కాక, అసలులో లక్షా డెబ్బై వేలు గీకి గీకి తీర్చింది. ఇంకా ఎనభై వేలు మిగిలింది. ఈ లోపల సొసైటీ ముందు రోడ్డు వెడల్పయింది. ఆరు లక్షల గది తొమ్మిది లక్షలన్నారు. ఆ వారం నుంచి లక్ష్మీరాజం బాకీ మాటెత్తడం మానేశాడు. దారిలో కనబడితే ఆరోగ్యం అడిగేవాడు. వజ్రమ్మకు అప్పుడు మొదటిసారి భయం వేసింది.

ఆగస్టు అయిదో తారీఖు వచ్చింది. శ్రావణం మొదలు కాబట్టి చీరల కోసం అటు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. చేతిలో సరుకు లేదు. ఉన్నది ముప్పై ఆరు వేల నగదు. దాన్ని తీసుకెళ్లి లక్ష్మీరాజానికి ఇస్తే బాకీ సగం కూడా తీరదు, గది నిలవదు. దాంతో సరుకు కొని అయిదు రోజుల్లో రెండింతల పైన చేస్తే నిలుస్తుంది. ఏ సేఠ్ దగ్గరికి పోవాలా అని ఇద్దరూ తర్జనభర్జన పడుతుంటే గుమ్మంలో తెల్లచొక్కా కనిపించింది.

"ఏం పరేషానయితున్నవే చెల్లె? నాకు ఎరుకైన సేఠ్ ఉన్నడు. పా, నేనే రేటు మాట్లాడ్త. అన్నను నేనుండంగ నీకేం ఫికరు?"

నరహరి కళ్లు తడిశాయి. "బావ మాట బంగారం" అన్నాడు. వజ్రమ్మ మాత్రం డబ్బు సంచి మొగుడి చేతికిచ్చే ముందు రెండుసార్లు ముడి వేసింది.

మార్కెట్టు మూడో అంతస్తు. బయట వాన. దుకాణంలో ముందు తెల్ల దుప్పటి పరిచిన గద్దీ, వెనక అద్దాల గది. అద్దాల గదిలో చల్లగాలి మిషను, సేఠ్, ఆయన బల్ల. నీలం తాడుతో కట్టిన చీరల కట్టలు ముందే గద్దీ మీద పెట్టి ఉన్నాయి. మెరూన్, ఆకుపచ్చ, మంచి పూల అచ్చు. అక్కడక్కడ పోగు తప్పిన గీత. చూడటానికి వజ్రమ్మ కోసమే చేసినట్టున్నాయి.

"మీరీడ కూసోండ్రి" అని లక్ష్మీరాజం చెప్పులు విడిచి అద్దాల గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

నరహరి గద్దీకి అవతలి కొసన లెక్కలు రాసే ముసలి మునీము ఎదురుగా కూర్చున్నాడు. వజ్రమ్మ ఇవతలి కొసన గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె కళ్లు అటూ ఇటూ తిరిగి అద్దం మీద ఆగాయి.

లోపల లక్ష్మీరాజం సేఠ్ భుజం మీద చెయ్యి వేశాడు. ముందుకు వంగాడు. గొంతు బాగా తగ్గించాడు. మనిషి గుసగుసలాడేటప్పుడు నోరు దగ్గరగా పెట్టి, పెదవులు కదిలీ కదలనట్టు మాట్లాడతాడు. కానీ ఖాతాలో పదిహేనేళ్లు గడిపిన మనిషికి ఆ గుసగుస రాదు. గొంతు ఎంత తగ్గితే పెదవులు అంత పెద్దగా తిరుగుతాయి. లక్ష్మీరాజానికి గొంతు తగ్గించడం గుర్తుంది. పెదవుల సంగతి గుర్తు లేదు. గోడ మీద సున్నంతో రాసినంత స్పష్టంగా ఒక్కొక్క హిందీ మాటా అద్దంలోంచి వజ్రమ్మ ఒడిలో పడింది.

నీలం తాడు కట్టలే ఇవ్వు. రంగు కచ్చా అని చెప్పకు. నీళ్లు చల్లి ఇస్త్రీ పెట్టగానే కారిపోతుంది, ఒక్క చీరా అమ్మలేదు. ఉన్న ముప్పై ఆరు వేలూ ఊడ్చి ఇస్తుంది. పదో తారీఖు దాటితే గది నాది. నీ భాగం నీకు.

సేఠ్ తల గోక్కున్నాడు. ఆయన పెదవులు ఖాతా పెదవులు కావు, సగమే అందింది. కానీ ఆ సగంలోనే ఉండాల్సింది ఉంది. గోదాము. రేపు సాయంత్రానికి తాళం అప్పగించాలి. మంచి డ్యామేజీ సరుకు పన్నెండు వందలు పడి ఉంది. చీర ముప్పైకి ఎవరడిగినా ఇచ్చేస్తా.

అది ఆమెకు చూపించకు, అన్నాయి లక్ష్మీరాజం పెదవులు.

గద్దీ అవతలి కొసన నరహరి సంచి మొదటి ముడి విప్పేశాడు. రెండోది విప్పుతున్నాడు. మునీము చెయ్యి చాపి ఉన్నాడు. పిలిస్తే మునీము వింటాడు. పెదవులతో చెబుదామంటే లోపల ఉన్నవాడికీ అదే విద్య వచ్చు. ఇటు తిరిగాడంటే మొత్తం చదివినట్టు పట్టేస్తాడు. పైగా నరహరి తల ఎత్తడం లేదు.

రవిక మడతలో ఎప్పుడూ ఉండే దారపు ఉండ తీసి గద్దీ మీద దొర్లించింది. ఖాతాలో అవతలి సాంచె మనిషిని పిలిచే పద్ధతి అదే. ఏదో ఒకటి విసరడం. ఉండ దొర్లుకుంటూ పోయి నరహరి మోకాలికి తగిలింది. అతను తలెత్తాడు.

వజ్రమ్మ అద్దం వైపు చెంపకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇయ్యకు."

నరహరి కనుబొమలు పైకి లేచాయి. ఎందుకు?

"రంగు కచ్చా. నీళ్లు పొయ్యి."

"ఏడ?"

"చీర మీదనే. చెయ్యి జారినట్టు పొయ్యి."

నరహరి మొహం పాలిపోయింది. అతని పెదవులు కదిలాయి. "బావ ఉన్నడు గద లోపల."

"బావనే."

అదే క్షణాన అద్దాల గదిలో లక్ష్మీరాజం తల ఇటు తిరిగింది. వజ్రమ్మ కొంగు దించి పెద్దగా ఆవులించింది. ఆవులించే నోట్లో ఏ మాటా ఉండదు. లక్ష్మీరాజం రెండు క్షణాలు చూశాడు. చెల్లెలు ఫ్యాను వైపు చూస్తోంది. అతను మళ్లీ సేఠ్ వైపు తిరిగాడు.

మునీము పక్కన స్టీలు గ్లాసులో నీళ్లున్నాయి. నరహరి దాన్ని తీసుకున్నాడు. పట్టుకుని కూర్చున్నాడు. సాంచె మీద ఉన్న గుడ్డ మీద ఒక్క చాయ్ చుక్క పడ్డా మీటర్ల కొద్దీ పగారు కోసేస్తారు. గుడ్డ దగ్గరికి తడి పోనివ్వకూడదని ఇరవై అయిదేళ్లుగా ఆ చేతికి తెలుసు. ఇప్పుడు పొయ్యమంటే చెయ్యి వంగడం లేదు. గ్లాసు వణికింది. మునీము "భాయ్, పైసా?" అన్నాడు. వజ్రమ్మ మొగుడి కళ్లలోకి చూసింది.

గ్లాసు ఒరిగింది.

మెరూన్ చీర మీద పడ్డ నీళ్లు ఒక్క గుక్క సేపు ఆగి, చిక్కటి ఎరుపుతో కిందికి దిగాయి. తెల్ల దుప్పటి మీద పారాయి. మునీము పంచె అందుకున్నాయి. "అరే! అరే!" అని ఆయన లేచేసరికి కోడిని కోసిన చోటులా ఉంది గద్దీ.

సేఠ్ తలుపు తీసుకుని పరిగెత్తుకొచ్చాడు. వెనకాలే లక్ష్మీరాజం. "ఏంది బావా గిది? చెయ్యికి సోయి లేదా?" అన్నాడు. గొంతులో కోపం ఉంది కానీ కళ్లు దుప్పటి మీద ఉన్నాయి.

నరహరికి తర్వాత ఏం చేయాలో తెలియదు. పెళ్లాం వైపు చూశాడు. మగవాళ్లంతా దుప్పటి చూస్తున్నారు. వజ్రమ్మ పెదవులు నిమ్మళంగా కదిలాయి. గోదాము. పన్నెండు వందలు. మూడు వేళ్లు చూపి సున్నా చుట్టింది.

నరహరి గొంతు సవరించుకుని హిందీలో అన్నాడు. "సేఠ్, ఈ కచ్చా రంగు మాకెందుకు? గోదాములో పన్నెండు వందలు పడి ఉన్నాయి కదా. రేపు తాళం ఇచ్చేయాలి కదా మీరు. ముప్పై చొప్పున ముప్పై ఆరు వేలు, ఇదిగో. ఈ పూటే ఎత్తుకుపోతాం."

సేఠ్ మెల్లగా లక్ష్మీరాజం వైపు తిరిగాడు. లోపల కూర్చుని నాతో ఒక మాటన్నావు, బయట వీళ్లకు ముందే ఇంకో మాట చెప్పావా అన్నట్టు చూశాడు. లక్ష్మీరాజం, ఈ సేఠ్ తనకన్నా ముందే వీళ్లతో బేరం కుదుర్చుకున్నాడా అన్నట్టు చూశాడు. ఇద్దరూ ఒకేసారి "నేను చెప్పలేదు" అన్నారు. గోడ పక్కన వజ్రమ్మ దారపు ఉండ వెతుక్కుంటోంది.

తాళం గడువు నెత్తిమీదున్న సేఠ్ బేరానికి ఒప్పుకున్నాడు. సరుకు ఆ సాయంత్రమే టెంపోలో జోల్వా చేరింది.

అయిదు రోజుల పని. గదిలో మనిషి కాలు పెట్టే చోటు లేదు. నరహరి, వజ్రమ్మ బయటి వరండాలో వండుకున్నారు. పన్నెండు వందల్లో సగానికి పైగా చీరలకు చిన్న లోపాలే, అవి అలాగే కట్టలు కట్టారు. మిగతావాటికి ఖాతాలోని నలుగురు ఆడవాళ్లు పని దిగాక వచ్చి చీరకు ఆరు రూపాయల చొప్పున సూది పట్టారు. కొమురవ్వ దారాలు లాగిచ్చింది. వజ్రమ్మ రోజుకు రెండు పూటలు ఫోను ముందు నిలబడి, ఈసారి గుర్తు పెట్టుకుని గొంతు కలిపి మరీ, చీర వంద రూపాయలని చెప్పింది. ఏడో తారీఖున బస్సు మధ్యలో చెడిపోయి ఒక మూట ఒకరోజు ఆలస్యమైంది. మూట చేరితేనే పైసలేస్తామన్నారు. ఎనిమిదిన వానకు గోడ చెమ్మ నలభై చీరలకు ఎక్కింది. తొమ్మిదిన నరహరి పనికి పోకుండా మూటలు మోసినందుకు ఖాతా సేఠ్ వారం పగారు ఆపాడు. పదో తారీఖు మధ్యాహ్నం రెండు గంటలకు జగిత్యాల నుంచి చివరి పదకొండు వేలు ఫోన్లో పడ్డాయి. నరహరి కిరాణా కొట్టు, పెట్రోలు బంకు, రెండు ఏటీఎంలు తిరిగి దాన్నంతా నగదు చేసుకొచ్చాడు. ఎనభై వేలు. సంచికి వజ్రమ్మ మళ్లీ రెండు ముడులు వేసింది.

నాలుగింటికి లక్ష్మీరాజం ఇంటికి పోతే ఆయన లేడు. ఫోను మోగడం లేదు.

"డుమస్ పోయిండ్రు, సంఘపోళ్లను తీస్కోని" అంది భార్య తలుపు సందులోంచి. "వచ్చేసరికి ఎంత రాత్రయితదో."

వారం రోజుల్లో కుల సంఘం ఎన్నికలు. లక్ష్మీరాజం అధ్యక్షుడి పదవికి నిలబడ్డాడు. పెద్దమనుషులకు విందు ఈ రోజే పెట్టాడు, ఫోను ఈ రోజే ఆపాడు. ఏడు దాటితే చాలు.

"ఇగ అయిపోయిందే" అన్నాడు నరహరి. "నలభై కిలోమీటర్లు. గీ వానల."

వజ్రమ్మ బండి వెనక ఎక్కి కూర్చుంది.

కడోదరా దగ్గర లారీల వరస. ఊళ్లో సిగ్నళ్లు. ఒకచోట మోకాలి లోతు నీళ్లలో బండి ఆగి మళ్లీ రాజుకుంది. డుమస్ చేరేసరికి ఆరుంబావు దాటింది. శనివారం కావడంతో ఒడ్డంతా జనం. మొక్కజొన్నల పొగ, భజియాల నూనె వాసన, పిల్లల బూరలు, వాటన్నిటి మీదా సముద్రపు గాలి. పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు. వజ్రమ్మకు ఖాతాలో ఉన్నట్టే ఉంది.

ఆరున్నరకు లక్ష్మీరాజం కనబడ్డాడు. టమాటా భజియాల బండి ముందు ఏడుగురు పెద్దమనుషుల మధ్య, తెల్లచొక్కా మీద రేన్‌కోటు తొడుక్కుని, ఇంకో ఫోను చెవికి పెట్టుకుని ఉన్నాడు. వజ్రమ్మ మొగుడి భుజం నొక్కి ఆపింది.

"ఇంటికొచ్చిండ్రా? రానీ తియ్," అంటున్నాయి అతని పెదవులు. "ఏడు దాటినంక నేనే ఫోన్ చేస్త. కాయిదానికేమైతది, నా దగ్గర్నే ఉన్నది, కోటు లోపలి జేబుల."

నరహరి అప్పటికే జనాన్ని తోసుకుంటూ వెళ్లిపోయాడు. "బావా! పైసలు తెచ్చిన. ఎనభై వేలు. కాయిదం ఇయ్యి."

లక్ష్మీరాజం పెద్దగా నవ్వాడు. "ఏంది బావా, పండుగ లెక్క అందరం కూసుంటె గీడ పైసలా! కాయిదం ఇంట్ల ఉన్నది. రేపు పొద్దుగాల రా. మనకు మనకు తొందరేంది?" భజియా పళ్లెం అతని ముందు పెట్టాడు. "తిను, ఆకలిమీదున్నవ్."

పెద్దమనుషులు తలలూపారు. ఒకాయన "ఎంత నెమ్మదస్తుడు" అన్నాడు. ఆరూ నలభై. నరహరి ఏమంటాడు? మనిషి రేపు రమ్మంటున్నాడు. రేపంటే పదకొండో తారీఖు.

అప్పుడు లక్ష్మీరాజం చూపు ఎందుకో ఎదుటి మొక్కజొన్నల బండి మీద పడింది. ముప్పై అడుగుల దూరంలో, పొగ పక్కన, తడిసిన కొంగు నడుముకు చుట్టుకుని వజ్రమ్మ నిలబడి ఉంది. అతని కళ్లను పట్టుకుని పెదవులు పెద్దగా, నిదానంగా తిప్పింది. గొంతు కలపలేదు.

"అన్నా. కాయిదం నీ కోటు లోపలి జేబుల ఉన్నది."

లక్ష్మీరాజం చెయ్యి గుండెల మీదికి వెళ్లిపోయింది. వద్దనుకునేలోపే వెళ్లింది. ఖాతా మనిషికి ఎదుటి పెదవుల మాట అందకుండా ఉండదు, పదేళ్లయినా సరే. అందిందని అతని చెయ్యే చెప్పేసింది.

తర్వాత అతని మొహంలో ఇంకేదో మెల్లగా మారింది. ఇంత దూరం నుంచి తన మాట ఆమెకు అందితే, ఆ రోజు అద్దంలోంచి...

"నీలం తాడు కట్టలు," అంది వజ్రమ్మ. "కచ్చా రంగు. గది నాది, నీ భాగం నీకు." కాస్త ఆగింది. "అన్నా, ఇప్పటిదాక నేను సప్పుడు చెయ్యలే. చెయ్యాల్నా?"

చుట్టూ ఏడుగురు పెద్దమనుషులు చట్నీ నాకుతున్నారు. ఎవరికీ ఏమీ వినబడలేదు. పదేళ్ల తర్వాత తెలిసి తెలిసి లక్ష్మీరాజం పెదవులు ఖాతా మాట మాట్లాడాయి.

"వద్దు చెల్లె."

"ఎవ్వలకు చెప్ప. ఎప్పటికి చెప్ప," అన్నాయి ఆమె పెదవులు. "కాయిదం ఇయ్యి."

అతను జేబు తడుముకున్నాడు. "అరె! జేబుల్నే ఉన్నది గదా బావా! మర్శిపోయిన, చూడు నా మతి!" అని పైకి అన్నాడు. పెద్దమనుషుల ఎదుటే డబ్బు లెక్కపెట్టుకున్నాడు. కాగితం వెనక బాకీ చెల్లింది అని రాసి, తారీఖు వేసి, నరహరి అడిగితే సమయం కూడా వేశాడు. ఆరూ యాభై మూడు.

"గిసొంటి మనిషే సంఘానికి పెద్దగుండాలె," అన్నాడు సంఘం ముసలాయన ఒకడు, భజియా నములుతూ. వారం తర్వాత అందరూ కలిసి లక్ష్మీరాజాన్ని గెలిపించారు. వజ్రమ్మ కూడా అతనికే ఓటేసిందని కొమురవ్వ అంటుంది.

గది వాళ్లదే. నరహరి ఇంకా ఖాతాకు పోతున్నాడు. వజ్రమ్మ కండెలు మానేసి చీరలే చూసుకుంటోంది. వారానికోసారి మార్కెట్టుకు పోతుంది. ఏ దుకాణానికి పోయినా లోపలికి రమ్మన్నా రాదు, అద్దాల గదికి ఎదురుగా గద్దీ కొసన కూర్చుంటుంది. మంచి రేట్లకు తెస్తుందని పేరు.

ఈ కథ ఆమెకు చెప్పి, ఇది నిజమేనా అని నేను అడిగితే సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తకుండా ఇలా అంది:

"గదంత ఉత్తదే. నాకు అప్పెక్కడిది? లక్ష్మీరాజమన్న నాకు తోడబుట్టినోనిలెక్క, ఒక్కనాడన్న కాయిదం రాయించుకోలే. గా గ్లాసు మా ఆయన చేతులకెళ్లి జారిపడ్డది, అతనికి మొదటినుంచే చెయ్యి వణుకుడుంది. పెదవులు చూస్తె మాట ఎర్కయితదా ఏంది, నేనేమన్న మంత్రాలదాన్నా? ఇగ డుమసంటరా, నేను పుట్టి బుద్ధెరిగినకాడికెళ్లి సముద్రమే చూడలే."